సందేళ హాజరు

మా ఊళ్ళో సందేళ తొందరపడదు. చెట్లు తక్కువ, కొండలు దూరం, అడ్డం వచ్చేదేమీ లేదు కాబట్టి పొద్దు తీరిగ్గా దిగుతుంది. ఎర్రమట్టి మీద ఎర్రటి వెలుతురు పడి, నేల ఎక్కడ అయిపోయిందో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియని సమయం ఒకటి ఉంటుంది. దూరంగా మిట్టల మీది గాలిమరలు తిరుగుతున్నాయో ఆగిపోయాయో చెప్పలేం. ఇంటికొచ్చే మేకలు లేపిన దుమ్ము కిందికి దిగడం మరిచిపోయి గాల్లోనే ఉండిపోతుంది. సరిగ్గా ఆ వేళకు మా అమ్మ చేతిలో పని పక్కన పెట్టి లేచేది. కొంగు సర్దుకుని వాకిట్లోకి వచ్చి, కాళ్ళు దగ్గరగా పెట్టుకుని, తల కొంచెం వంచి నిలబడేది. ఎదురుగా ఎవరూ ఉండరు. కంపచెట్లు, బండిదారి, అంతే.

"ఉండా సామీ" అనేది.

కాస్త ఆగి, "ఉండాడు సామీ" అనేది. ఇంకాస్త ఆగి, "ఉండాది సామీ." ఆ తర్వాత లోపలికి వచ్చి పొయ్యి ముట్టించేది.

మొదటిసారి విన్నప్పుడు నేను సెలవు పెట్టి ఇంటికి వచ్చి, గడపలో కూర్చుని శనక్కాయలు వొలుస్తున్నాను.

"ఎవురితో మా మాట్లాడతాండావు?"

"ఎవురితోనూ లేదు. నీ పని సూసుకో."

అంత నెమ్మదిగా చెప్పింది కాబట్టి నాకు భయం ఆలస్యంగా వేసింది. ఇంట్లో మేం మాట్లాడుకునేది మా ఎరుకల భాష. ఆ మాటలు మాత్రం తెలుగులో అంటోంది, అదీ గొంతు బాగా తగ్గించి. ఊళ్ళో ఎవరితోనైనా నిటారుగా నిలబడి మాట్లాడే మనిషి ఆమె.

కంబదూరు నుంచి ఆటోలో పోతే వచ్చే చిన్న ఊరు మాది. ఊరివాళ్ళు చెత్త పోసే చోటికి కొంచెం ఇవతల మా ఎరుకల ఇళ్ళు. నాయన పోయాక అమ్మ, తమ్ముడు ఆ ఇంట్లో ఉంటున్నారు. తమ్ముడు టమోటా లోడ్లు ఎత్తే కూలి. నేను రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లకు జేబులు కుడతాను. మమ్మల్ని జేబుదొంగలని తిట్టినవాళ్ళు కూడా నేను కుట్టిన జేబుల్లోనే దుడ్లు పెట్టుకుని తిరుగుతుంటారు. ఆ సంగతి తలుచుకుంటే మిషను మీద ఉన్నా నాకు నవ్వొస్తుంది.

అమ్మ ఈతాకుతో, ఈతపుల్లలతో గంపలు అల్లుతుంది, ఎరుక చెబుతుంది. ఎరుక అంటే, అడిగినవాళ్ళ చెయ్యి పట్టుకుని జరగబోయేది చెప్పడం. అమ్మవారు చెవిలో చెబితే మా ఆడవాళ్ళు నోటితో చెబుతారు. అమ్మకు అది వాళ్ళమ్మ నుంచి వచ్చింది, ఆమెకు వాళ్ళమ్మ నుంచి. పగలు మా నీడ పడితే ముఖం చిట్లించే పెద్దిళ్ళ ఆడవాళ్ళు, కూతురికి సంబంధం కుదరకపోతే అమ్మను దొడ్డివాకిలి దగ్గరికి పిలిపించుకునేవాళ్ళు. దేవుణ్ణి ముందువాకిలి నుంచి, మమ్మల్ని వెనకవాకిలి నుంచి నమ్ముతారని అమ్మ అనేది. చిన్నప్పుడు బడిలో ఎవరి పెన్ను పోయినా ముందు నా సంచి వెతికేవాళ్ళు. వెతకడం అయ్యాకే పాఠం మొదలయ్యేది. ఏడుస్తూ ఇంటికొస్తే, "ఏడ్సొద్దు, రేపటి నించి సంచిలో పేడ పెట్టుకోని పో" అంది అమ్మ. పోయాను కూడా. నాకీ నోరు, ఈ కోపం ఆమె పెట్టిన భిక్షే.

అట్లాంటి అమ్మ తల వంచి "సామీ" అనడం నాకు మింగుడు పడలేదు.

కారణం నాకు తెలుసనే అనుకున్నాను. అంతకు కొన్నాళ్ళ ముందు పక్క ఊళ్ళో ఒక ఇంట్లో బంగారం పోయింది. పోలీసు జీపు నేరుగా మా ఇళ్ళ దగ్గరికి వచ్చింది. దారి అడగాల్సిన పని కూడా పడలేదు. తమ్ముడు అప్పుడే పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. తడికాళ్ళతోనే ఎక్కించారు. అమ్మ జీపు వెనక కంపచెట్ల దాకా పరుగెత్తి, చెప్పు తెగి కూలబడిపోయిందట. తెల్లారాక ఆ బంగారం వాళ్ళింట్లోనే జొన్నల గంపలో దొరికింది. ఆ గంప మా అమ్మ అల్లిందే. తమ్ముణ్ణి పంపించేశారు. పొరపాటైందని ఎవరూ అనలేదు. వీపు చూపించమంటే వాడు చొక్కా విప్పలేదు. అప్పటి నుంచి అమ్మకు నిద్ర లేదు. తిండి తగ్గింది. సందేళకు ఈ పలకడం మొదలైంది.

"అక్కా, అమ్మకు తల చెడినట్టుండాది. అనంతపురంలో సూపిచ్చల్ల" అన్నాడు తమ్ముడు ఫోనులో.

అనంతపురంలో దిగి, ఆటో మాట్లాడుకుని, పేరున్న డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన చెడ్డవాడు కాదు. అమ్మను కుర్చీలో కూర్చోమన్నాడు, అమ్మా అనే పిలిచాడు. ప్రశ్నలు మాత్రం గబగబా అడిగాడు. బయట బెంచీల నిండా జనం ఉన్నారు, ఆయన్ను మాత్రం ఏమంటాం.

"చెవిలో ఎవరన్నా మాట్లాడినట్టు వినబడుతుందా అమ్మా?"

అంతదాకా ముడుచుకుని ఉన్న అమ్మ నడుము నిటారు చేసుకుంది. చాన్నాళ్ళకు ఆమెను ఎవరో పని గురించి అడిగారు.

"ఎందుకు వినపడదు సామీ? కొల్లాపురమ్మ మాట్లాడతాది. మాట్లాడకుంటే నేనేం ఎరుకలదాన్ని?"

"ఎప్పటి నుంచి?"

"పెండ్లి కాకముందు నించీ."

"ఇంట్లో ఇంకెవరికన్నా ఇలా ఉండేదా?"

"మా యమ్మకు, మా యవ్వకు, ఆమె యమ్మకు. మా ఇంట్లో ఆడోల్లందరికీ ఉండాది." ఎంత గర్వంగా చెప్పిందంటే, నేను అడ్డం పడలేకపోయాను.

"ఎవరన్నా మీ మీద కన్నేసి ఉంచారని అనిపిస్తుందా?"

"అనిపిచ్చేదేముండాది? పోలీసోల్లు గదా. వాళ్ళ కన్ను మా మింద ఎప్పుడూ ఉండాది."

డాక్టరు నా వైపు జాలిగా చూశాడు. చాలాకాలంగా ఉన్న జబ్బు, వంశంలో ఉంది, మాత్రలు జీవితాంతం వేసుకోవాలి అన్నాడు. నేను జీపు సంగతి చెప్పబోయాను. అలాంటివి పేషెంట్లు చాలా చెబుతారు, మీరు ఒప్పుకోనూ వద్దు కాదననూ వద్దు అన్నాడు. ఆ మాట నిజమా అని ఒక్క ముక్క అడగలేదు. దారిలో అమ్మ చాలా సంతోషంగా ఉంది. "మంచి డాట్రు. అన్నీ ఇడిచి పెట్టకుండా అడిగినాడు" అంది.

ఆ మాత్రల కాలం నాకు కలలాగే గుర్తుంది. నేను వారం వారం వచ్చేదాన్ని. ఇల్లంతా మెత్తగా, చప్పుడు లేకుండా ఉండేది. అమ్మ గోడకు ఆనుకుని ఎండ కదలడం చూస్తూ ఉండేది. పిలిస్తే చాలా దూరం నుంచి నడిచి వచ్చినట్టు, ఆలస్యంగా పలికేది. పెదవి చివర తడి. చేతులు వణికి ఈతపుల్ల వేళ్ళలోంచి జారిపోయేది. తీసి చేతికిస్తే అదేమిటో గుర్తు రానట్టు చూసేది. సగం అల్లిన గంప మూలన ఉండి ఉండి ఎండిపోయింది. ఊళ్ళోవాళ్ళు "ఇప్పుడు నెమ్మదిగా ఉండాది కదమ్మా మీయమ్మ" అన్నారు. చచ్చినవాళ్ళూ నెమ్మదిగానే ఉంటారని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

ఒకరోజు మధ్యాహ్నం ఊళ్ళోంచి ఒకామె ఎరుక అడగడానికి వచ్చింది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకుంది. చాలాసేపు అట్లాగే ఉంది. చివరికి చెయ్యి వదిలేసి, "ఏం వినపల్లేదు" అంది. వచ్చినామె తెచ్చిన బియ్యం అక్కడే పెట్టి వెళ్ళిపోయింది. అమ్మ ఆ బియ్యం చూస్తూ ఏడ్చింది.

"కొల్లాపురమ్మ కూడా నన్ను ఇడిచిపెట్టి పాయ" అంది.

అయినా సందేళ అయ్యేసరికి, గోడ పట్టుకునైనా లేచేది. కాళ్ళు తడబడుతూ వాకిట్లోకి పోయి, "ఉండా సామీ" అనేది. అమ్మవారిని తరిమేసిన మాత్రలు దీన్ని మాత్రం ఏమీ చెయ్యలేకపోయాయి. అనంతపురం డాక్టరుకు చెబితే, అయితే మందు పెంచాలి, కొన్నాళ్ళు ఆసుపత్రిలో పెట్టాలి అన్నాడు. తమ్ముడు సరేనన్నాడు. వాడికి భయం. నాకు ఇంకా భయం. పెడితే ఉన్న అమ్మ కూడా మిగలదేమో. పెట్టకపోతే ఏమవుతుందో తెలియదు. ఎటూ తేల్చుకోలేక మిషను మీద జేబులు తలకిందులుగా కుట్టి మేస్త్రీ చేత తిట్లు తిన్నాను.

నా పక్క మిషను మీద కుట్టే ఆమె, కళ్యాణదుర్గంలో ఆదివారాలు ఒక లేడీ డాక్టరు చూస్తుందని చెప్పింది. ఇంకొకరికి కూడా చూపించాకే ఆసుపత్రి సంగతి అని తమ్ముణ్ణి ఒప్పించాను. అమ్మను అక్కడికి తీసుకుపోయాను. ఆ డాక్టరు బళ్ళారి వైపు మనిషి. నెరిసిన జుట్టు, మాటలో కన్నడం. పాత చీటీ చదివి పక్కన పెట్టి, నన్ను మాట్లాడొద్దని చేత్తో ఆపి, అమ్మ వైపు తిరిగింది.

"పోలీసులు నిజంగా వచ్చినారామ్మా?"

అమ్మ తల ఎత్తింది. "వచ్చినారు" అంది.

"అప్పుడు ఏమైంది చెప్పు."

అమ్మ చెప్పింది. మాత్రల మత్తులో ఒక్కో మాట వెతుక్కుంటూ చెప్పింది. డాక్టరు తొందర పెట్టలేదు. కిటికీలోంచి బస్సుల హారన్లు, సంత గోల వినిపిస్తున్నాయి. జీపు అయ్యాక సందేళ సంగతి వచ్చింది.

"ఆ మాట ఎవురికి చెప్తావు?"

"మా నాయనకు."

నేను ఉలిక్కిపడ్డాను. అమ్మ వాళ్ళ నాయన, అంటే మా తాత, నేను పుట్టకముందే పోయాడు.

"నాయనకు చెప్తే సామీ అంటారా?"

"నాయనా అంటే ఒప్పుకునేవాడు కాదు. సామీ అనే పలకల్లని నేర్పిచ్చినాడు."

అప్పుడు తెలిసింది నాకు. నా సొంత ఇంటి సంగతి, డాక్టరు గదిలో, ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని తెలుసుకున్నాను.

తెల్లదొరల కాలంలో మా కులాన్ని పుట్టుకతోనే దొంగలని చట్టం రాశారు. ఏం చేశావని అడిగేది లేదు, ఎవరికి పుట్టావన్నదే నేరం. చీటీ లేకుండా ఊరు దాటకూడదు. రోజూ సందేళ మునసబు చావడి ముందు మా వాళ్ళంతా నిలబడి హాజరు చెప్పాలి. పేరు పిలిస్తే "ఉండా సామీ" అనాలి. తాత పిల్లవాడిగా ఉన్నప్పుడు ఒక సందేళ మేకల వెనక పోయి చేనుగట్టు మీద నిద్రపోయాడు. పేరు పిలిస్తే పలకలేదు. ఆయన బదులు ఆయన నాయన్ను చావడి స్తంభానికి కట్టి కొట్టారు. తాత నిద్ర లేచి వచ్చేసరికి కొట్టడం అయిపోయింది.

తర్వాత దొరలు పోయారు. చట్టం కూడా పోయింది, ఆ మాట నేనే డాక్టరుతో అన్నాను. చావడి ముందు పిలవడం ఆపేశారు. ఎందుకు ఆపేశారో మాత్రం మా వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. తాత నమ్మలేదు. అలవాటు తప్పించి పట్టుకోవడానికే ఆపారనుకున్నాడు. తనకు పెళ్ళయ్యి, పిల్లలు పుట్టాక, రోజూ సందేళ వాకిట్లో అందరినీ వరసగా నిలబెట్టి తానే పేర్లు పిలిచేవాడు. మా అమ్మ ఆ వరసలో చివర. వేరే ఇళ్ళలో దీపం పెట్టే వేళకు తమ ఇంట్లో పేర్లు పిలుస్తారు, అంతే అనుకుంది. అన్ని ఇళ్ళలోనూ అంతే కాబోలు అనుకుంది.

"అప్పుడు భయమేసేదా?" అంది డాక్టరు.

"ల్యా." అమ్మ ముఖం మీద ఏదో వెలుగు వచ్చింది. "మా నాయన పొద్దున పోతే సందేళకు వచ్చేటోడు. ఆ పొద్దు నా పేరు పిలిచేటోడు. దినానికి అదొక్కతూరే పిలిచేది. ఎప్పుడు సందేళైతాదా అని సూసేదాన్ని."

నేను అమ్మను చూస్తూ ఉండిపోయాను. కళ్ళ ముందు ఆమె చిన్నదైపోయింది. ఎర్రటి వెలుతురులో, వరస చివర, మురికి గౌను వేసుకుని, తన పేరు ఎప్పుడొస్తుందా అని నోరు కొంచెం తెరుచుకుని నిలబడింది. ఆ పిలుపు ఏ దెబ్బల్లోంచి వచ్చిందో ఆ పిల్లకేం తెలుసు.

జీపు వచ్చిన మరుసటి సందేళ, అన్నేళ్ళ తర్వాత, తాత గొంతు మళ్ళీ వినిపించిందట. యాడ పోయినార్రా అందరూ అని. ఆమెను, తమ్ముణ్ణి, నన్ను పేరు పెట్టి పిలిచాడట. తమ్ముడు బయట పనిలో ఉంటాడు, నేను రాయదుర్గంలో ఉంటాను. అందుకని అందరి తరఫునా ఆమే పలికింది.

"నేను పలక్కపోతే ఆయన్ను కొడతారు గదమ్మా, వాళ్ళ నాయన్ను కొట్టినట్టు" అంది డాక్టరుతో. "మళ్ళా కొడతారు."

నేను అక్కడే, డాక్టరు ముందే, సిగ్గు లేకుండా ఏడ్చాను. సందేళంటే రాయదుర్గంలో మిషను ఆపి టీ తాగే వేళ. నేను టీ తాగుతూ ఉంటే, అంత దూరాన మా అమ్మ తల వంచి, నేను ఉన్నానని ఎవరికో చెబుతోంది. నాకోసం రోజూ చెబుతోంది.

డాక్టరు మాత్రలు ఒక్కసారిగా ఆపొద్దంది, కొంచెం కొంచెంగా తగ్గిద్దామంది. "ఈమెకు భయముంది, నిద్ర లేదు. ఆ రెండిటికీ మందిస్తాను, దినామూ ఎవరన్నా పక్కన కూర్చుని మాట్లాడించండి. అమ్మవారు మాట్లాడితే మాట్లాడనీ. మీ తాత ఏదన్నా చెయ్యరాని పని చెయ్యమన్నా, తిననీకపోయినా, అప్పుడు నా దగ్గరికి తీసుకరా" అంది.

తిరిగి వచ్చే బస్సులో నాకు ఒళ్ళు మండిపోయింది. పుట్టుకతో దొంగలని తెల్లవాళ్ళు రాశారు. పుట్టుకతో పిచ్చి అని అనంతపురం డాక్టరు రాశాడు. మధ్యలో మా పుట్టుక ఎవరి సొమ్ము తిన్నదో నాకర్థం కాదు. ఆయన అడిగిన ప్రశ్నలు ఏ పుస్తకంలోవో, ఆ పుస్తకం రాసిన దేశంలో ఎరుక చెప్పేవాళ్ళు ఉండరేమో. సరే, పుస్తకానికి తెలియదు. ఎదురుగా కూర్చున్న మనిషిని అడిగితే ఆమె చెప్పేది కదా. అమ్మ మాత్రం నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. చాలా రోజుల తర్వాత మందు మత్తులా కాక, మామూలు నిద్రలా కనిపించింది.

మాత్రలు తగ్గేకొద్దీ అమ్మ కొంచెం కొంచెంగా వెనక్కి వచ్చింది. ముందు చేతుల వణుకు పోయింది. తర్వాత నన్ను తిట్టడం మొదలుపెట్టింది, పొంగిపోయాను. ఒకరోజు కొత్త ఈతపుల్లలు నానబెట్టింది. అమ్మవారు మాట్లాడిందా అని నేను అడగలేదు. ఆ మధ్యాహ్నం ఎవరి చెయ్యో పట్టుకుని గడగడా చెబుతుంటే లోపలి నుంచి విన్నాను, అంతే. సందేళ లేవడం మాత్రం ఆగలేదు. మునుపంత కంగారు లేదు గానీ, లేచేది, పలికేది.

అట్లాంటి ఒక సందేళ, పలికి లోపలికి రాబోతూ, నా దగ్గర ఆగింది.

"ఆ డాట్రమ్మతో నువ్వు ఆ పొద్దు అంటివి గదా, చట్టం పోయిందని. నిజంగా పోయినాదా?"

"పోయింది మా."

"ఎప్పుడు పాయ?"

"నువ్వు పుట్టకముందే."

అమ్మ గుమ్మంలో కూర్చుండిపోయింది. వాకిట్లో వెలుతురు సన్నబడి, ఆమె ముఖం సరిగా కనిపించలేదు. తాను పుట్టి, నడిచి, వరసలో నిలబడి పలికిన సందేళలన్నీ లెక్కలోకి రానివని అప్పుడే తెలిసినట్టుంది.

"మరి మా నాయనకు ఎవురూ చెప్పలేదే" అంది.

మర్నాడు పొద్దు వాలుతుండగా చీర మార్చుకుని బయల్దేరింది. ఎక్కడికని అడిగితే, "రా" అంది. ఆటో ఎక్కి, వాళ్ళ పుట్టింటి ఊరి దగ్గర దిగి, వంక వెంట నడిచాం. నీళ్ళు లేని వంక. ఇసక ఇంకా వెచ్చగా ఉంది. గట్టు మీద కంపచెట్ల మధ్య రాళ్ళు పేర్చిన చోటు తాత సమాధి. నేనెప్పుడూ చూడలేదు. అమ్మ అక్కడ నేల మీద చతికిలబడి, గాలికి పడిపోయిన రాయి ఒకటి తీసి మళ్ళీ పైన పెట్టింది. చుట్టూ ఎర్రటి వెలుతురు. ఆమె మా ఎరుకల భాషలోనే మాట్లాడింది, ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు, మెల్లగా.

"నాయనా, ఆ చట్టం పోయినాదంట. నేను పుట్టకముందే పోయినాదంట. నీకెవురూ చెప్పలేదు. ఇంగ నిన్నెవురూ కొట్టరు. పిలిస్తే ఊరికే పిలువు. సామీ అనను. నాయనా అనే పలుకుతా."